రామదాసు పలుకులు – మరుగుపడిన అర్థములు

తెలుగునాట రామభక్తి యనగానే మొదట స్మరణకు వచ్చు పేరు భద్రాచల రామదాసు. శ్రీరామనవమినాడు పందిరి వేయని పల్లె అరుదు. ఆ పందిరిలో ఆయన కీర్తన వినబడని పల్లె మరియు అరుదు. అక్షరము రాని ముదుసలి ఆయన పాటలను పాడును. పండితుడు ఆయన శతకమును పారాయణము చేయును. ఇంతగా జనుల నోట నానిన వాణి కావున అది యెల్లరకు తెలిసినదే యని అందఱును తలంతురు. కాని ఒక్కొక్క మాటకడ ఆగి, దీని యర్థమేమని అడిగినచో పాడువారిలో పెక్కుమంది తడబడుదురు. చెవికి ఇంత చేరువగా నున్న వాణి మనస్సునకు దూరమైన కారణమును తెలిసికొనవలెనన్నచో ఆ మహనీయుని జీవితమునే పరిశీలింపవలయును. ఆయన మాటలకు మూలము ఆయన చేసిన కొలువులో, కట్టించిన కోయిలలో, అనుభవించిన చెఱలో నున్నది.

రామదాసుని అసలు పేరు కంచర్ల గోపన్న. నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి ఆయన జన్మస్థలము. 1620 ప్రాంతమున ఆయన జన్మించెనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామమాంబ. తండ్రి పేరును, ఆత్రేయ గోత్రమును, కంచర్ల వంశమును గోపన్న స్వయముగా దాశరథీ శతకమున పేర్కొనెను. రఘునాథ భట్టరువారు ఆయనకు గురువులు. కబీరుదాసు వలన ఆయనకు రామతారక మంత్రోపదేశము కలిగెనని మరియొక ఐతిహ్యము భక్తులలో వ్యాప్తిలో నున్నది.

గోపన్న పుట్టి పెరిగిన సీమ అనేక భాషల సంగమస్థానము. ఇంట తెలుగు, పూజామందిరమున సంస్కృతము, ప్రభుత్వ కచేరీలో పారసీకము, అడవి పల్లెలలో కోయ భాష. ఆ సీమలోని ఊరి పేరే మాటలు నడచిన దారిని చూపుచున్నది. స్తంభాద్రి యని సంస్కృతమున పిలువబడిన కొండ క్రింది ఊరు వాడుకలో ఖమ్మంమెట్టు, తరువాత ఖమ్మం అయ్యెను. స్తంభమను మాట జనుల నోట నలిగి నలిగి ఖమ్మమైనది. ఊరు ఎదుట నుండుటచేత పేరు మాఱినను ఎవ్వరికిని కష్టము కలుగలేదు. చూపుటకు వస్తువు ఉన్నంత కాలము మాట ఎంత మాఱినను తెలియును. వస్తువు పోయినచో మాట ఏమియు మాఱకున్నను తెలియకపోవును. రామదాసు వాణి విషయమున జరిగినది ఇదియే.

గోలకొండను పాలించిన కుతుబ్ షాహీ ప్రభువులు తెలుగును ఆదరించిరి. వారి ఫర్మానాలు కొన్ని పారసీకమునను తెలుగునను జంటగా వెలువడెడివి. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలములో పొన్నగంటి తెలగన్న యయాతి చరిత్రమను కావ్యమును కేవలము అచ్చతెలుగున రచించి అమీనుఖానునకు అంకితము చేసెను. సంస్కృత పదములు లేని కావ్యము తెలుగువారికి మిక్కిలి సులభముగా నుండవలెను గదా! కాని నేటి పాఠకునకు అది సంస్కృత సమాసములతో నిండిన కావ్యము కంటె కఠినముగా తోచును. వాడుకలో నిలిచిన సంస్కృత పదములను తొలగించి, వాడుకలో లేని తెలుగు పదములను తెచ్చి నిలుపుటయే దీనికి కారణము. సొంత భాష యైనంత మాత్రమున మాట సులభము కాదు. పర భాష యైనంత మాత్రమున కఠినమును కాదు. వాడుకయే సౌలభ్యమునకు మూలము. వాడుకలో మిగిలిన మాట యైనను ఒక్కొక్కప్పుడు మోసము చేయును. ప్రాచీన కవులు పరిమళమను అర్థమున వాడిన కంపు అను మాట నేడు దుర్గంధమునకే చెల్లుచున్నది.

గోలకొండ చివరి పాదుషా అబుల్ హసన్ కుతుబ్ షా 1672లో సింహాసనము నధిష్ఠించెను. ఆయననే తెలుగువారు తానీషా యందురు. ఆయన కొలువులో మాదన్న ప్రధానమంత్రి. మాదన్న అన్నగారు అక్కన్న. ఈ సోదరులు గోపన్నకు మేనమామలని సంప్రదాయము చెప్పుచున్నది. వారి ప్రాపకమున గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి లభించెను. తహసీలనగా వసూలు. రైతులనుండి పన్ను రాబట్టి గోలకొండ ఖజానాకు చేర్చుట ఆ యుద్యోగి విధి. ఇచట ఒక విశేషమును గమనింపవలయును. తహసీలను మాటకు అర్థము చెప్పుటకు వాడిన వసూలు అను మాటయు అరబ్బీ నుండి వచ్చినదే. రైతు, ఖజానా, జమ, ఖర్చు, బాకీ అనునవియు అరబ్బీ పారసీక భాషలనుండి వచ్చినవే. వీనిని పరాయి మాటలని ఎవ్వరును తలపరు. రైతు ఎదుట నున్నాడు, బాకీ ప్రతి యింట నున్నది. కావున ఆ మాటలు నిలిచినవి. ఆ త్రోవనే వచ్చిన మొహరు అను మాట మాత్రము ఆ నాణెముతో పాటు మరుగున పడి, నేడు కీర్తనలో తప్ప వినబడకున్నది.

పాల్వంచ పరగణాకు ఎల్లగా అడవి, ఆ యడవి నడుమ గోదావరి, గోదావరి యొడ్డున భద్రగిరి. మేరుపుత్రుడైన భద్రమహర్షి తపస్సునకు మెచ్చి శ్రీరాముడు చతుర్భుజుడై వైకుంఠరామునిగా సాక్షాత్కరించెనని స్థలపురాణము. ఇచట స్వామి కుడిచేత శంఖమును, ఎడమచేత చక్రమును ధరించియుండును. ఆ క్రమము ఇతర విష్ణుమూర్తులలో కనబడు క్రమమునకు భిన్నము. స్థలపురాణము తెలియనివాడు దానిని శిల్పి పొరపాటుగా భావించును. భక్తుని బ్రోచుటకు త్వరపడి వచ్చిన ప్రభువు ఆయుధములను మార్చి ధరించెనని ఎఱిగినవానికి ఆ భిన్నత్వమే స్వామి కరుణకు గుఱుతుగా తోచును. భాష విషయమునను ఇట్లే. తెలియనిది కనబడినంతనే దానిని తప్పని తలచుట తొందరపాటు.

ఆ కొండపై పుట్టలో మఱుగుపడియున్న స్వామిని కనుగొన్న భాగ్యశాలిని పోకల దమ్మక్క. స్వప్నమున స్వామి యానతి పొంది, పుట్టమన్ను గోదావరి జలముతో కరగించి మూర్తులను వెలికి తీసి, పందిరి వేసి, తాటిపండ్లను నివేదించి ఆమె అర్చించెనని ప్రతీతి. శబరి యిచ్చిన ఫలమువలె దమ్మక్క యిచ్చిన తాటిపండును స్వామి ప్రీతితో స్వీకరించెను. ఆమె భక్తికి గ్రంథము లేదు, రచన లేదు. ఆ పందిరియు ఆ పండును మాత్రమే ఆమె పలుకులు.

ఆ యడవులలో నివసించు కోయల భాషకును తెలుగునకును గల సంబంధము మిక్కిలి చిత్రమైనది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును గోండి, కూయి మొదలగు భాషలతో ఒక్క శాఖయందు చేర్చి చూపెను. కోయ భాష గోండికి అతిసన్నిహితము. కావున కోయయు తెలుగును అక్కచెల్లెండ్రు. అయినను మైదానపు తెలుగువానికి కోయ మాట తెలియదు. తెలుగున ఏరనగా ప్రవాహము. గోండి, కోయ భాషలయందు ఏర్ అనగా నీరు. మాట ఒక్కటే, మూలము ఒక్కటే. కాలక్రమమున ఒకరికి అది నదిగా పాఱినది, మరియొకరికి కుండలోని నీరుగా నిలిచినది. పరాయి భాష పరాయిదని తెలియును గనుక అడిగి తెలిసికొందుము. తెలిసినట్లుండు మాటయే మనలను త్రోవ తప్పించును.

గోపన్న భద్రగిరికి వచ్చి, జీర్ణావస్థలో నున్న స్వామి నివాసమును గాంచి మనస్సు కరగి, ఆలయ నిర్మాణమునకు సంకల్పించెను. ప్రజలిచ్చిన విరాళములు చాలలేదు. పంట చేతికి వచ్చినపుడు తీర్చుకొందమని గ్రామస్థులు చెప్పగా ఆయన పన్నుల సొమ్మును ఆలయమునకు వెచ్చించెనని పెద్దలు చెప్పుదురు. గర్భాలయము, మండపములు, ప్రాకారములు లేచినవి. స్వామికిని అమ్మవారికిని ఆభరణములు సిద్ధమైనవి. గోలకొండకు చేరవలసిన ధనము చేరలేదు. ఆ మొత్తము ఆరు లక్షలని లోకప్రసిద్ధి.

ఆరు లక్షలనగా ఏమి? వరహాలని కొందఱు, మొహరులని కొందఱు చెప్పుదురు. వినువారికి రెండును పాతకాలపు బంగారు నాణెములే కదా యనిపించును. కాని వరహా బరువు సుమారు 3.4 గ్రాములు, మొహరు బరువు సుమారు 11 గ్రాములు. వరహాల లెక్కను ఆరు లక్షలనగా రెండు వేల కిలోలకు పైబడిన బంగారము. మొహరుల లెక్కను అంతకు మూడింతలు దాటును. ఒక్క మాటకు అర్థము తెలియకపోవుట వలన ఆ భక్తుని తలపై మోపిన ఋణభారము ఎంతటిదో తెలియకపోవుచున్నది. వరహా యను పేరు నాణెములపై నుండిన వరాహమూర్తి ముద్ర వలన వచ్చినది. ఆదివరాహస్వామి నామము సంతలో సరకు కొనువాని నోట సైతము పలికిన దినములవి. మొహరనగా పారసీకమున ముద్ర. రెండు మాటలును నాణెముపై నున్న గుఱుతునుండి పుట్టినవే. ఒకటి మన పురాణము నుండి, మరియొకటి పాదుషాల కచేరీ నుండి.

పన్ను సొమ్ము విషయము తానీషాకు తెలిసెను. గోలకొండ దఫ్తరులో ఆ సొమ్మునకు బాకీ యని పేరు. గోపన్న మనస్సున దానికి కైంకర్యమని పేరు. ఇరువురును ఒక్క ధనమునే చూచిరి, కాని ఇరువురును వాడిన భాష వేరు. పాదుషా దృష్టిలో ప్రభుత్వ ధనమును అనుమతి లేక వెచ్చించిన ఉద్యోగి నేరస్థుడు. ఆ దృష్టి రాజనీతికి విరుద్ధము కాదు. గోపన్న తన కొఱకు ఒక్క కాసైనను దాచుకొనలేదు. ఆ సత్యము చెప్పుటకు దఫ్తరులో పద్దు లేదు. ఒకరి మాట మరియొకరికి తెలియని ఆ యెడమునకు మూల్యము చెఱసాల. పన్నెండేండ్లు ఆయన గోలకొండలో బందీయై యుండెనని సంప్రదాయము. కోటలో ఆయన యుండిన బందీఖానాను, గోడపై చెక్కబడిన సీతారామలక్ష్మణుల, హనుమంతుని రూపములను నేటికిని యాత్రికులకు చూపుదురు.

ఆ చెఱలో తహసీల్దారు తన లెక్కను పాదుషాకు కాక శ్రీరామునకే అప్పగించెను. ఇక్ష్వాకు కులతిలకుని సంబోధించుచు పాడిన కీర్తన ఆ లెక్కల పత్రమే. భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము, రామునకు కలికితురాయి. దేనికెంత వెచ్చమైనదో ఒక్కొక్కటిగా ఆయన పద్దు వేసి చూపెను. వరహా యనియు మొహరనియు రెండు నాణెముల పేర్లును అందు వినబడును. కచేరీలో లెక్కలు వ్రాసిన చేయి గనుకనే ఆ కీర్తనకు ఆ నిర్మాణము వచ్చినది. అది ఒక ఉద్యోగి సమర్పించిన ఖర్చుల జాబితా యని ఎఱిగినవారికే అందలి ఆవేదన సంపూర్ణముగా తెలియును. ఎఱుగనివారికి అది నగల పేర్ల వరుసగా మాత్రమే వినబడును.

ఆ నగల పేర్లును అట్లే. చింతాకు పతకమన్నపుడు చింతాకు తెలియని తెలుగువాడు లేడు, పతకము తెలియనివాడు లేడు. కాని రెండును కలిసి ఏర్పడిన ఆ యాభరణమును చూడనివాడు దానిని ఊహింపలేడు. కలికితురాయి విషయము మరింత చిత్రము. కలికి యనగా తెలుగున సొగసైన స్త్రీ. తురాయి యనగా నేడు ఎఱ్ఱని పూలు పూయు చెట్టు. ఈ రెండర్థములును కలిపినచో శ్రీరాముని ఆభరణము దొరకదు. తలపాగపై ధరించు ఈకల కుచ్చును కల్గీ యనియు, శిరోభూషణమును తుర్రా యనియు దర్బారులలో వ్యవహరించెడివారు. ఆ రెండు మాటలు తెలుగున చేరి కలికితురాయి యయ్యెను. తన ప్రభువునకు గోపన్న చేయించినది నాటి రాజులు శిరస్సున ధరించు భూషణము. పాదుషా కొలువులో పనిచేసినవాడు రాజచిహ్నమును పాదుషాకు గాక శ్రీరామునకు అర్పించెనన్న భావము, ఆ మాట యర్థము తెలిసిన పిమ్మటనే స్ఫురించును.

ఆ పద్దుల పిమ్మట రామదాసు స్వామిని నిలదీసెను, దెప్పెను, పరుషముగా పలికెను. వెంటనే పశ్చాత్తాపపడి క్షమింపుమని వేడుకొనెను. సంప్రదాయము నెఱుగనివారు దీనిని దైవదూషణమని భ్రమింతురు. ఇది నిందాస్తుతి. తనవాడన్న చనువు గలవాడే స్వామితో కలహింపగలడు. పరాయివానితో ఎవ్వడును అలుగడు. మాటలన్నియు తెలిసినను, పలికిన వానికిని వినువానికిని గల సంబంధము తెలియనియెడ అర్థము తలక్రిందు లగునని దీనివలన గ్రహింపవలయును.

దాశరథీ శతకము మరియొక విధమైన రచన. నూటికి పైబడిన ఈ పద్యములు ఉత్పలమాల, చంపకమాల వృత్తములలో నడచినవి. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసినచో చంపకమాల యగును. తక్కిన నడక రెంటికిని సమానమే. కావున దశరథతనయుని దయాసముద్రునిగా సంబోధించు ఒకే మకుటము రెండు వృత్తములకును చక్కగా అమరినది. ఇందు సమాసములు దీర్ఘములు, సంధులు దట్టములు. తాటాకులపై మాటకును మాటకును నడుమ ఎడము విడువకుండ వ్రాసెడివారు. శకటరేఫము, అరసున్న, వలపలగిలక వంటి గుఱుతులు నేటి బాలురకు అపరిచితములు. కావున శతకము చూడగానే కఠినముగా తోచును. అయినను దీనికి తాళపుచెవి కలదు. పదచ్ఛేదము చేసి నిఘంటువు తెఱచినచో పయస్సనగా జలమనియు, పయోనిధి యనగా సముద్రమనియు, దాశరథి యనగా దశరథుని కుమారుడనియు తెలిసిపోవును. సంస్కృత పదమునకు వ్యాకరణము కాపలా కాయుచున్నది. కీర్తనలోని తేలిక మాటకు అట్టి కాపలా లేదు. కావున కఠినముగా కనబడు శతకము కొంత శ్రమకు లొంగును. సులభముగా వినబడు కీర్తన తెలియకుండగనే చేజారిపోవును.

వైష్ణవ సంప్రదాయమున దీనికి పోలిక యొకటి కలదు. తిరుమంగై ఆళ్వారు చోళరాజునకు చెల్లింపవలసిన కప్పమును భాగవతుల ఆరాధనకు వెచ్చించి చెఱ ననుభవించెననియు, పెరుమాళ్ళు కాంచీపురమున నిధిని చూపి ఆయనను విడిపించెననియు గురుపరంపర చెప్పుచున్నది. ఇరువురి కథయు ఒక్కటే, ఇరువురి కైంకర్యమును ఒక్కటే. ఆళ్వారు పాశురములు రామదాసు కీర్తనల కంటె ఎన్నో శతాబ్దములు ప్రాచీనములు. తెలుగువారికి పర భాషయు. అయినను వాని యర్థము చెదరలేదు. 13వ శతాబ్దమున పెరియవాచ్చాన్ పిళ్ళై నాలాయిర దివ్యప్రబంధమంతటికిని వ్యాఖ్యానము రచించెను. ఆచార్యుడు శిష్యునకు, తండ్రి కుమారునకు ప్రతిపదార్థము చెప్పుచు వచ్చిరి. ధనుర్మాసమున తెలుగు గృహములయందు తిరుప్పావై ముప్పది పాశురములు అర్థముతో వినబడుటకు ఆ పరంపరయే కారణము. భద్రాచలమునను వైకుంఠ ఏకాదశికి అధ్యయనోత్సవములు జరుగుచున్నవి. అట్టి అవిచ్ఛిన్న వ్యాఖ్యాన పరంపర రామదాసు కీర్తనలకు ఏర్పడలేదు. అవి మన భాషయే గదా, వ్యాఖ్యానమేల యని లోకము తలచెను.

రామదాసుని ఆర్తి ఫలించెను. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో తానీషా కడకు ఏగి, సొమ్మంతయు చెల్లించి రసీదు పొందిరని భక్తలోకపు విశ్వాసము. పాదుషాకు తెలిసినది రసీదుల భాష గనుక స్వామి ఆ భాషలోనే ఆయనతో వ్యవహరించెను. నిజమెఱిగిన తానీషా రామదాసును విడిపించి సత్కరించి, భద్రాద్రి రాముని కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలను పంపు ఆచారము నెలకొల్పెనని ప్రసిద్ధి. రామదాసు భద్రాద్రి చేరి శేషజీవితమును స్వామిసేవలో గడిపెను. అక్కన్న మాదన్నలు 1686లో హతులైరి. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. ఆ ప్రభుత్వము పోయినది, దఫ్తరు పోయినది, మొహరును వరహాయు పోయినవి. ముత్యాల తలంబ్రాల ఆచారము మాత్రము నైజాము కాలమున సాగి, నేడు రాష్ట్ర ప్రభుత్వము చేతులమీదుగా జరుగుచున్నది.

కీర్తనలును పోలేదు. భజన గోష్ఠులు వానిని నోటినుండి నోటికి మోసికొని వచ్చినవి. త్యాగరాజస్వామి తన కృతులలో రామదాసుని బంధవిమోచనమును స్మరించెను. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానము వానిని ఇంటింట వినిపించెను. నోటి పరంపర పాటను బ్రతికించును. కాని అర్థము తెలియని మాట వచ్చినచోట గాయకుని నాలుక తనకు తెలిసిన మరియొక మాటవైపు జాఱును. రాగము చెడదు, తాళము తప్పదు, వినువారును గమనింపరు. మొహరున్నచోట వరహా చేరినచో రామదాసు వ్రాసిన పద్దు మాఱిపోవును. పన్నెండేండ్ల చెఱను సహించి కాసైనను తప్పక లెక్క చెప్పిన వాని లెక్క, అతనిని ప్రేమించు భక్తుల నోటనే తాఱుమాఱగుట తగునా?

2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణమున నేలకొండపల్లి ఖమ్మం జిల్లాలో నిలువగా, భద్రాచలము భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరెను. గోపన్న పుట్టిన ఊరినుండి స్వామి సన్నిధికి పోవు యాత్రికులు నేడును ఆ యడవి దారినే సాగుదురు. శ్రీరామనవమి కల్యాణమునాడు రామదాసు చేయించిన ఆభరణములను స్వామికిని అమ్మవారికిని అలంకరింతురు. అర్చకస్వాములు వానిని పేరుపేరున భక్తులకు చూపుదురు. ఆ క్షణమున చింతాకు పతకమను మాటకు ఏ నిఘంటువుతోను పని లేదు. కన్నులారా చూచినవారు ఇంటికి వచ్చి, కీర్తన పాడు పిల్లలకు ఆ మాటకడ ఒక్క నిమిషము ఆగి, ఇది ఇట్లుండునని చెప్పినచో చాలును. వ్యాఖ్యాన పరంపరలన్నియు అట్లే మొదలైనవి. శ్రీ సీతారామచంద్రస్వామి కృపచే భద్రాద్రి దాసుని పలుకులు తెలుగు గృహముల నాదముతో పాటు అర్థముతోను నిలుచుగాక.